ఒప్పందం కుదిరిన చోట ఆగి, ఒప్పందం మాట ఎత్తకుండా తిరిగి రాకండి: తెలుగు సంఘాలకు బహిరంగ లేఖ

కొలరాడో, వయోమింగ్ ప్రాంతాల తెలుగు సంఘాల కార్యవర్గ సభ్యులకు, తెలుగు బడుల నిర్వాహకులకు, వేసవి యాత్రలు నడిపే మిత్రులకు నమస్కారాలు.

వారాంతాలు వదులుకుని, చేతి డబ్బు ఖర్చు పెట్టుకుని మీరు చేస్తున్న సేవను మేము ఎరుగుదుము. అందుకే ఫోర్ట్ లారమీ అనే పాత సైనిక స్థావరానికి మన యాత్ర నడుస్తున్న తీరును ముందు మన ఇంటి విషయంగా భావించి సంఘానికే విన్నవించుకున్నాము. తెలుగు బడి తల్లిదండ్రులం కొందరం సంతకాలు చేసి పంపిన ఉత్తరానికి మేము సభ్యులుగా ఉన్న సంఘం నుంచి రాతపూర్వకమైన జవాబు రాలేదు. గుర్తు చేయగా ఫోన్‌లో వచ్చిన సమాధానం మాత్రం ఇది: "పిల్లలు సరదాగా వెళ్ళొచ్చే చోట ఇంత బరువైన సంగతులు ఎందుకండీ?" ఈ ఏటి యాత్రకు పేర్ల నమోదు మొదలైంది. పాత కార్యక్రమమే అక్షరం మారకుండా మళ్ళీ వచ్చింది. ఇక బహిరంగంగా రాయక తప్పలేదు.

సంగతి ఇది. డెన్వర్ నుంచి మౌంట్ రష్‌మోర్ చూడటానికి వెళ్ళే మన బస్సులు దారిలో కొంచెం పక్కకు తిరిగి, వయోమింగ్‌లో లారమీ నది నార్త్ ప్లాట్ నదిలో కలిసే చోట ఉన్న ఫోర్ట్ లారమీ దగ్గర ఆగుతున్నాయి. అక్కడ పులిహోర, పెరుగన్నం పొట్లాలు విప్పుతాము, ఫిరంగి పక్కన ఫోటోలు దిగుతాము. కిందటేడు దీనికి తోడు పిల్లలను రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు సైనికుల టోపీలు, ఇంకో జట్టుకు కాగితపు ఈకల తలపాగాలు పెట్టి ఉత్తుత్తి యుద్ధం ఆడించి, గెలిచిన వారికి బహుమతులు ఇచ్చారు. ఆ ఆట జరిగింది అమెరికా ప్రభుత్వానికీ, ఆ ప్రాంతపు ఆదివాసులైన లకోటా ప్రజలకూ మధ్య 1868 నాటి ఒప్పందంపై సంతకాలు పడిన నేల మీద. ఆ మాట బస్సులో ఎవరూ చెప్పలేదు, దిగాక కూడా చెప్పలేదు.

ఇండియా నుంచి వచ్చిన ఒక పెద్దాయన చుట్టూ చూసి, "కోట అన్నారు, గోడలేవమ్మా?" అని అడిగారు. గోల్కొండనో కొండపల్లినో చూసిన కంటికి అది న్యాయమైన ప్రశ్న. నిర్వాహకులలో ఒక్కరూ జవాబు చెప్పలేకపోయారు. సైన్యం అక్కడ ఉన్న కాలంలో ఆ స్థావరం చుట్టూ ప్రాకారం లేదు. మధ్యలో విశాలమైన కవాతు మైదానం, దాని చుట్టూ సైనికులు బస చేసే బారకాసులు, అధికారుల ఇళ్ళు, సామాన్ల గిడ్డంగులు, ఒక దుకాణం, అంతే. ముట్టడిని తట్టుకోవడానికి కట్టిన కోట కాదది. దారిని కాపాడటానికి, ఆ దారి వెంట వచ్చే వలసదారులకు తిండిగింజలూ మరమ్మతులూ అందించడానికి, చుట్టుపక్కల తెగలతో మాటలు నడపడానికి, అవసరమైతే వారిపై దండెత్తడానికి ఏర్పాటు చేసుకున్న మజిలీ. ఈ ఒక్క సంగతి అర్థమైతే మిగతా చరిత్ర అంతా దానంతట అదే తెరుచుకుంటుంది. మా ఉత్తరాన్ని చదవని వారి కోసం ఆ చరిత్రను ఇక్కడ కొంత వివరంగా రాయక తప్పదు.

1834లో విలియం సబ్లెట్, రాబర్ట్ క్యాంప్‌బెల్ అనే వ్యాపారులు బొచ్చు తోళ్ళ వర్తకం కోసం అక్కడ దుంగలతో ఒక చిన్న కోట కట్టుకున్నారు. 1841లో దాని స్థానంలో మట్టి ఇటుకల కట్టడం వచ్చింది. లకోటా, షయాన్, అరపాహో తెగల వారు అక్కడికి అడవి దున్నల తోళ్ళు తెచ్చి సరుకులు తీసుకెళ్ళేవారు. ఆ తరవాత ఆరెగన్, యూటా, కాలిఫోర్నియా వైపు వెళ్ళే బండ్ల బారులు మొదలయ్యాయి. 1849లో సైన్యం ఆ స్థలాన్ని 4,000 డాలర్లకు కొన్నది. లక్షల మంది ఆ దారిన నడిచారు. వారి ఎడ్లు గడ్డిని మేసివేశాయి, వారి పొయ్యిలకు చెట్లు కరిగిపోయాయి, దున్నల మందలు దూరమయ్యాయి. అక్కడి తెగల మొదటి ఫిర్యాదు ఇదే, అది తిండికి సంబంధించిన ఫిర్యాదు.

1851లో ప్రభుత్వం తెగలన్నిటినీ మాటలకు పిలిచింది. సుమారు పది వేల మంది వచ్చారు. అన్ని గుర్రాలకు కోట దగ్గర మేత చాలక సభను నది వెంట దిగువన హార్స్ క్రీక్ దగ్గరకు మార్చవలసి వచ్చింది. దారిని వాడుకోనిచ్చినందుకు బదులుగా ఏడాదికి 50,000 డాలర్ల విలువైన సరుకులను 50 ఏళ్ళ పాటు ఇస్తామని రాసుకున్నారు. సెనేట్ ఆ 50 ఏళ్ళను పదికి కుదించింది, అధ్యక్షుడు తలచుకుంటే ఇంకో ఐదేళ్ళు పొడిగించవచ్చన్నది. మూడేళ్ళు తిరగకుండానే, 1854 ఆగస్టులో, ఒక వలసదారుడి ఆవును ఒక లకోటా యువకుడు చంపిన తగవు మీద లెఫ్టినెంట్ గ్రాటన్ 29 మంది సైనికులను, ఒక దుబాసిని, రెండు ఫిరంగులను వెంటబెట్టుకుని లకోటా ఊరి మీదకు వెళ్ళాడు. నష్టపరిహారం ఇస్తాము, తీసుకుని వెళ్ళండని బతిమాలిన నాయకుడు కాంకరింగ్ బేర్ సైనికుల తూటాలకు కూలిపోయాడు. ఆ తరవాత జరిగిన పోరులో గ్రాటన్ దండు మొత్తం చనిపోయింది. మరుసటి ఏడాది జనరల్ హార్నీ బ్లూ వాటర్ క్రీక్ దగ్గర ఒక లకోటా ఊరి మీద పడి, స్త్రీలూ పిల్లలూ సహా 86 మందిని చంపించి పగ తీర్చుకున్నాడు.

ఇదంతా ద్వేషమే అనుకోవడం కూడా పొరపాటు. 1866 వసంతంలో లకోటా నాయకుడు స్పాటెడ్ టెయిల్ తన కుమార్తె భౌతికకాయాన్ని చలిలో చాలా దూరం మోసుకుని ఈ కోటకే తెచ్చాడు. సైనికుల శ్మశానం దగ్గరే తనను ఉంచమని ఆమె కోరుకున్నది. కోట అధికారి కర్నల్ మేనడియర్ ఎదురు వెళ్ళి వారిని తోడ్కొని వచ్చాడు, తన చేతి తొడుగులు తీసి శవపేటికలో పెట్టాడు. సైనిక మతగురువు ప్రార్థన చదివాడు, లకోటా ఆచారం ప్రకారం పేటికను ఎత్తైన మంచె మీద ఉంచారు. ఫిరంగి పక్కన ఫోటో దిగిన మన పిల్లలలో ఒక్కరికైనా ఈ కథ తెలిసి ఉంటే, ఆ కవాతు మైదానంలో ఉత్తుత్తి యుద్ధం ఆడటానికి వారికే మనసు ఒప్పేది కాదని నా నమ్మకం.

ఆ ఏడాది వేసవిలోనే కోటలో శాంతి చర్చలు నడుస్తుండగా, బోజ్‌మన్ దారి వెంట కొత్త కోటలు కట్టడానికి కర్నల్ క్యారింగ్టన్ సేనతో దిగాడు. మాటలాడుతూనే భూమిలోకి చొరబడుతున్నారని లకోటా నాయకుడు రెడ్ క్లౌడ్ లేచి వెళ్ళిపోయాడు. డిసెంబరు 21న జరిగిన పోరులో సైన్యాధికారి ఫెటర్‌మన్ దళంలోని 81 మందిలో ఒక్కరూ మిగలలేదు. చివరకు ప్రభుత్వం దిగివచ్చి 1868 ఏప్రిల్‌లో మళ్ళీ ఫోర్ట్ లారమీకి రాయబారులను పంపింది. ఆ శాంతి సంఘంలో జనరల్ షెర్మన్‌తో పాటు బ్లూ వాటర్ క్రీక్‌లో ఊరిని తుడిచిపెట్టిన హార్నీ కూడా సభ్యుడు. కొత్త కోటలను సైన్యం ఖాళీ చేసి, అవి కాలిపోయేదాకా రెడ్ క్లౌడ్ సంతకం పెట్టలేదు. నవంబరు 6న వచ్చి పెట్టాడు. మిస్సోరీ నదికి పడమర, నేటి దక్షిణ డకోటాలో ఉన్న నేల, బ్లాక్ హిల్స్‌తో సహా, ఎవరి జోక్యమూ లేకుండా లకోటాలదేనని ఆ ఒప్పందం రెండవ అధికరణం చెప్పింది. వయోజనులైన పురుషులలో నాలుగింట మూడు వంతుల మంది సంతకం చేయనిదే ఆ నేలలో అంగుళం కూడా చేతులు మారదని పన్నెండవ అధికరణం చెప్పింది.

1874లో సైన్యాధికారి కస్టర్ సేన బ్లాక్ హిల్స్‌లో బంగారం ఉన్నదని తేల్చింది. 1875–76లో సైన్యం నార్త్ ప్లాట్ మీద ఒక ఇనుప వంతెన వేసింది. ఫోర్ట్ లారమీ ఊరి నుంచి కోటకు వెళ్ళే దారిలో, మూడు విల్లుల్లా వంగిన దూలాలతో అది ఈనాటికీ నిలిచి ఉన్నది. మన బస్సు దాని పక్క నుంచే వెళుతుంది. షయాన్ నగరం నుంచి బ్లాక్ హిల్స్‌లోని డెడ్‌వుడ్‌కు బంగారం కోసం ఎగబడిన వారు ఆ వంతెన మీదుగానే నది దాటారు. ఏ కోటలో కూర్చుని ఆ నేల లకోటాలదేనని మాట ఇచ్చారో, ఆ కోట పక్కనే ఆ నేలలోకి దారి తెరిచారు. 1876లో రేషన్లు ఆపుతామని బెదిరించి సంతకాలు అడిగితే, కావలసిన నాలుగింట మూడు వంతులకు బదులు పదో వంతు మంది మాత్రమే చేశారు. అయినా 1877 ఫిబ్రవరిలో కాంగ్రెస్ చట్టం చేసి బ్లాక్ హిల్స్‌ను తీసేసుకున్నది. 1980లో సుప్రీంకోర్టు ఇది పరిహారం చెల్లించని స్వాధీనమేనని తీర్పు ఇచ్చి, 1877 నాటి విలువగా 1 కోటి 71 లక్షల డాలర్లు, దానిపై వడ్డీ కట్టాలన్నది. లకోటాలు ఆ డబ్బు ముట్టుకోలేదు. నేల కావాలన్నారు. ఖాతాలో ఉండిపోయిన ఆ సొమ్ము వడ్డీతో వంద కోట్ల డాలర్లు దాటింది.

మరుసటి రోజు మనం కెమెరాలతో నిలబడి చూసే నాలుగు ముఖాల కొండ, మౌంట్ రష్‌మోర్, ఉన్నది ఆ బ్లాక్ హిల్స్‌లోనే.

ఈ చరిత్రను విడిచిపెట్టి యాత్ర నడపడం వల్ల మామూలు మనుషులకు జరుగుతున్న నష్టం ఏమిటో ఇక చెబుతాను.

1. మన పిల్లలు ఈ నేల మీదే చదువుకుని, ఇక్కడే ఉద్యోగాలు చేసి, ఓట్లు వేయబోతున్నారు. డెన్వర్ ప్రాంతంలో లకోటా, షయాన్, అరపాహో కుటుంబాలు చాలానే ఉన్నాయి. అంటే కాగితపు ఈకలు పెట్టుకుని ఓడిపోయే జట్టులో ఆడిన మన పిల్లవాడి పక్క బల్ల మీద ఆ తెగల పిల్లవాడు కూర్చుని ఉండవచ్చు. మన ఫేస్‌బుక్ పేజీలో పెట్టిన ఆ ఫోటోలను వాళ్ళ అమ్మానాన్నలు చూసి ఉండవచ్చు. మన దేవుళ్ళ బొమ్మలను చెప్పుల మీద అచ్చు వేసినప్పుడు ఉత్తరాలు రాసి క్షమాపణ చెప్పించిన మనకు ఆ బాధ ఎలాంటిదో వేరొకరు వివరించనక్కరలేదు.

2. ఇండియా నుంచి వచ్చి ఆరు నెలలు ఇంట్లో కూర్చునే అమ్మానాన్నలకు ఏడాదిలో ఇలాంటి యాత్ర ఒకటో రెండో దొరుకుతాయి. అక్కడి ఫలకాలన్నీ ఆంగ్లంలో ఉంటాయి. తెలుగులో చెప్పేవారు ఉండరు. వారు బస్సు నీడలో కూర్చుని తిరిగి వస్తారు. నిజానికి ఈ చరిత్ర అందరికన్నా త్వరగా అర్థమయ్యేది వారికే. రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరైన పెద్దాయనకు పట్టా అంటే ఏమిటో, సంతకాలు ఎలా సేకరిస్తారో, ఏజెన్సీ భూములను గిరిజనేతరుల చేతికి పోకుండా కాపాడటానికి 1970లో తెచ్చిన 1/70 చట్టం ఎందుకు అవసరమైందో, ఉన్నా కూడా భూములు ఎలా జారిపోయాయో తెలుసు. పన్నెండవ అధికరణాన్ని ఆయనకు తెలుగులో చదివి వినిపిస్తే, మనకు తట్టని ప్రశ్నలు ఆయన అడుగుతారు. ఆ సంభాషణ మనుమల ముందు జరిగితే ఇంకా మంచిది.

3. ఫోర్ట్ లారమీ నుంచి మౌంట్ రష్‌మోర్‌కు వెళ్ళే దారి నుంచి తూర్పుకు తిరిగితే పైన్ రిడ్జ్ రిజర్వేషన్, అంటే లకోటాలకు కేటాయించిన ప్రాంతం, వస్తుంది. దేశంలోని అతి పేద కౌంటీలలో ఒకటి అక్కడిది. రెడ్ క్లౌడ్ సమాధి అక్కడే ఉన్నది. సైన్యం ఫోర్ట్ లారమీని వదిలి వెళ్ళిన 1890లోనే, డిసెంబరు 29న, సైన్యం లకోటాలను చంపిన వూండెడ్ నీ మారణకాండ జరిగిన చోటూ అదే. మన బస్సులు ఆ వైపు తిరగవు. మన డబ్బు పెట్రోలు బంకులకు, గొలుసు హోటళ్ళకు పోతుంది కానీ, ఎవరి కథ చూడటానికి బయలుదేరామో వారి చేతికి ఒక్క డాలరు కూడా చేరదు.

4. ఈ కట్టడాలు మిగలడమే గొప్ప సంగతి. 1890లో కోటను వేలం వేశారు. ఎన్నో ఇళ్ళను కలప కోసం పీకేశారు. 1937లో వయోమింగ్ రాష్ట్రం కొని కాపాడింది, 1938లో జాతీయ స్మారకమైంది. 1849 నాటి ఓల్డ్ బెడ్‌లమ్ అనే రెండంతస్తుల ఇల్లు, బారకాసుల పై అంతస్తులో వరుసగా పరిచిన పక్కలు, సైనిక స్థావరపు వర్తకుడి దుకాణం, మెట్ట మీద సున్నపు కాంక్రీటు గోడలతో నిలిచిన ఆసుపత్రి శిథిలం ఇవన్నీ ఇప్పుడు ప్రవేశ రుసుము లేకుండా చూడగలుగుతున్నాము. ఇంత చేసిన నేషనల్ పార్క్ సర్వీస్ నుంచి 2025 ఫిబ్రవరిలో సుమారు వెయ్యి మంది ప్రొబేషనరీ ఉద్యోగులను తొలగించారు. అమెరికన్లను తక్కువ చేసి చూపే రాతలు కనిపిస్తే తెలపమని సందర్శకులను కోరే నోటీసులు పార్కులలో పెట్టాలని అదే ఏడాది ఈ పార్కులను పర్యవేక్షించే ఇంటీరియర్ శాఖ ఆదేశించింది. ఒప్పందం ఎలా భంగమైందో చెప్పే ఫలకం రేపు అక్కడ ఉంటుందో లేదో సందర్శకుల నోటి మాట మీద కూడా ఆధారపడే పరిస్థితి వచ్చింది. ఇలాంటప్పుడు వందల మందిని తీసుకెళ్ళే మన సంఘాలు ఫలకం చదవకుండా, రేంజర్‌ను ఒక్క ప్రశ్న అడగకుండా తిరిగి వస్తే, ఆ ఫలకం ఎవరికీ అక్కరలేదని మనమే సాక్ష్యం చెప్పినట్టు అవుతుంది.

పిల్లలకు ఇది బరువైన విషయమన్న అభ్యంతరానికి నా జవాబు ఒక్కటే. మన్యంలో అల్లూరి సీతారామరాజు పోరాటాన్నీ, జోడేఘాట్‌లో కొమరం భీం ప్రాణత్యాగాన్నీ మనమే ఈ పిల్లలతో ఏకపాత్రాభినయాలుగా వేయించి చప్పట్లు కొడుతున్నాము. అడవి మీద హక్కు కోసం చనిపోయిన మనిషి కథ అక్కడ బరువు కానప్పుడు, తాము నివసిస్తున్న నేల కథ ఇక్కడ బరువెలా అవుతుంది?

కనుక మేము కోరుతున్నవి ఇవి.

1. ఫోర్ట్ లారమీలో కనీసం పూట సమయం కేటాయించాలి. ముందుగా అక్కడి రేంజర్లతో మాట్లాడి, మన బృందానికి చరిత్ర చెప్పే వీలు ఉన్నదేమో కనుక్కోవాలి. 1884 నాటి గిడ్డంగిలో ఉన్న సందర్శకుల కేంద్రం చూశాకే భోజనాలు పెట్టాలి.

2. సైనికులకూ ఆదివాసులకూ మధ్య ఉత్తుత్తి యుద్ధం ఆటను ఈ యాత్రలోనే కాక, పిక్నిక్‌లలోనూ వార్షికోత్సవ నాటికలలోనూ పూర్తిగా మానుకోవాలి. పాత ఫోటోలను సంఘం పేజీల నుంచి తొలగించాలి.

3. యాత్రకు ముందు వారం తెలుగు బడులలో ఒక పాఠం, బస్సులో పంచడానికి తెలుగులో ఒక చిన్న కరపత్రం ఉండాలి. రాసే పని మేము చేస్తాము, అచ్చు ఖర్చు సంఘం భరించాలి. అచ్చు వేయడానికి ముందు దానిని లకోటా చరిత్ర బోధించే వారి చేత చదివించి, వారి శ్రమకు తగిన పారితోషికం ఇవ్వాలి.

4. వచ్చే ఏడాది నుంచి దారిని పైన్ రిడ్జ్ మీదుగా మార్చాలి. అక్కడి వారు నడిపే భోజనశాలలలో తిని, వారి కళాకారుల దగ్గరే జ్ఞాపికలు కొనాలి. వూండెడ్ నీ దగ్గర అనుమతి లేకుండా ఫోటోలు తీయరాదని బస్సులోనే చెప్పాలి. ఇండియా నుంచి గాయకులనూ యాంకర్లనూ రప్పించినంత గౌరవంతో, అదే స్థాయి పారితోషికంతో, ఏటా ఒక లకోటా వక్తను మన సభకు పిలవాలి.

5. కోటలో సిబ్బందిని తగ్గించవద్దనీ, ఒప్పందాల చరిత్ర చెప్పే ఫలకాలను ఉన్నవి ఉన్నట్టు ఉంచాలనీ సంఘం తరఫున మన కాంగ్రెస్ ప్రతినిధులకు, సెనేటర్లకు ఉత్తరాలు రాయాలి. ఓటు హక్కు ఉన్న సభ్యులను విడివిడిగా కూడా రాయమని ప్రోత్సహించాలి.

వీటిలో రెండవదానికి డబ్బు గానీ సమయం గానీ అక్కరలేదు. ఈ యాత్ర నుంచే అమలు చేయవచ్చు. మొదటిదానికి బయలుదేరే వేళను కొంచెం ముందుకు జరిపితే సరిపోతుంది. మిగిలినవాటి మీద చర్చకు, పనిలో పాలు పంచుకోవడానికి మా తల్లిదండ్రుల బృందం సిద్ధంగా ఉన్నది. మే నెలాఖరు సెలవులలో బస్సులు కదలక ముందే కార్యవర్గం సమావేశమై, ఈ ఐదు అంశాలపై విడివిడిగా, రాతపూర్వకంగా జవాబు ఇవ్వవలసిందిగా కోరుతున్నాము. ఆ లోగా జవాబు రాకపోతే, సభ్యుల సంతకాలతో ఇదే లేఖను సర్వసభ్య సమావేశంలో తీర్మానంగా ప్రవేశపెడతాము.

ఇట్లు,
తెలుగు బడి తల్లిదండ్రుల తరఫున,
ఒక స్వచ్ఛంద ఉపాధ్యాయురాలు